వేసవి చివరి రాత్రుల్లో ఆకాశపు లోతు

ఉత్తరార్ధగోళంలో వేసవి ముగింపుకు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రాత్రి తొమ్మిది గంటల వేళ తల పైకెత్తి చూస్తే, ఆకాశంలో బాగా ఎత్తున మూడు ప్రకాశవంతమైన నక్షత్రాలు ఒక పెద్ద త్రిభుజంలా కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా కాంతివంతంగా, నీలిఛాయ కలిసిన తెల్లని వెలుగుతో మెరిసేది వీణ మండలంలోని అభిజిత్. దక్షిణం వైపున, ఇరుపక్కలా చెరొక మసక చుక్కతో ఉన్నది శ్రవణం. మూడోది హంస మండలంలో తోక స్థానాన ఉన్న డెనెబ్. మూడింటిలోనూ కాస్త మందంగా కనిపించే ఈ డెనెబ్‌నే అందరూ తక్కువగా పట్టించుకుంటారు; నిజానికి ఎక్కువసేపు చూడవలసింది దాన్నే.

శ్రవణం మనకు 17 కాంతి సంవత్సరాల దూరంలో, అభిజిత్ 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అంటే అభిజిత్ నుంచి ఈ రాత్రి మన కంటిని చేరే వెలుగు పాతికేళ్ల కిందట బయలుదేరినది. డెనెబ్ దూరం మాత్రం ఎంత తక్కువగా లెక్కగట్టినా సుమారు 1400 కాంతి సంవత్సరాలు ఉంటుంది. అంత దూరాన ఉండి కూడా అది ఆ రెండింటి సరసన నిలిచేలా వెలుగుతోందంటే, సూర్యుడి కంటే పదుల వేల రెట్లు కాంతిని వెదజల్లే మహానక్షత్రం కావడమే కారణం. అభిజిత్ ఉన్న చోట అదే ఉండి ఉంటే, అమావాస్య రాత్రి కూడా దాని వెలుగుకు మన నీడ నేలమీద పడేది.

ఈ త్రిభుజం గుండానే పాలపుంత దక్షిణ దిగంతం వైపు సాగుతుంది. దాన్ని చూడాలంటే చంద్రుడు లేని రాత్రి, వీధిదీపాలు లేని చోటు కావాలి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట ఓపిక పట్టాలి. ఆ అరగంటలో ఒక్కసారి ఫోన్ తెర చూసినా మళ్లీ మొదటికి వస్తుంది. కళ్లు కుదుటపడ్డాక, డెనెబ్ దగ్గర నుంచి పాలపుంత నడుమ ఒక నల్లని చీలిక కనిపిస్తుంది. అక్కడ నక్షత్రాలు లేవనుకుంటే పొరపాటే. వెనకనున్న అసంఖ్యాక నక్షత్రాల వెలుగును ధూళి మేఘాలు అడ్డుకోవడం వల్ల ఏర్పడిన చీకటి అది. దక్షిణాన ధనూరాశి దగ్గర పాలపుంత వెడల్పై చిక్కబడుతుంది. మన గెలాక్సీ కేంద్రం అటువైపే, సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ధూళి కారణంగా అది కంటికి కనిపించకపోయినా, రేడియో తరంగాలు, పరారుణ కిరణాలు ఆ తెరను దాటి వస్తాయి. ఆ దిక్కు నుంచి వస్తున్న రేడియో తరంగాల గురించి అమెరికా ఇంజినీరు కార్ల్ జాన్‌స్కీ 1933లో ప్రకటించారు. అక్కడి నక్షత్రాల కక్ష్యలను ఏళ్ల తరబడి కొలిచి, సుమారు 40 లక్షల సూర్యుళ్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలం అక్కడ ఉందని తేల్చిన రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది.

చిన్న టెలిస్కోప్ దొరికితే హంస ముక్కు దగ్గరున్న అల్బిరియో వైపు తప్పక తిప్పండి. కంటికి ఒక్కటిగా తోచే ఆ చుక్క రెండుగా విడిపోయి, ఒకటి బంగారు రంగులో, పక్కనే చిన్నది నీలం రంగులో కనిపిస్తుంది. రంగు తేడా ఉష్ణోగ్రతల తేడాకు గుర్తు: నీలం నక్షత్రం చాలా వేడిది, బంగారు రంగుది దానికన్నా చల్లనిది. నక్షత్రాలన్నీ తెల్లగానే ఉంటాయనే భావన ఈ ఒక్క జంటను చూస్తే పోతుంది.

ఏ పరికరమూ లేనివారికి ఆగస్టు 12, 13 తేదీల్లో పర్సియిడ్ ఉల్కలు ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక వెల్లకిలా పడుకుని, ఏదో ఒక చుక్కను కాక ఆకాశమంతటినీ చూస్తుండాలి. స్విఫ్ట్-టటిల్ తోకచుక్క తన దారిలో వదిలిన ధూళి గుండా భూమి వెళ్లేటప్పుడు, ఇసుక రేణువంతటి కణాలు సెకనుకు 59 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చి కాలిపోతాయి. ఆ తోకచుక్క 1992లో సూర్యుడి సమీపానికి వచ్చి వెళ్లింది. మళ్లీ వచ్చేది 2126లో.