మీ తర్వాత మీ చిలుకను చూసేదెవరు? అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక పెద్దాయన ఆఫ్రికన్ గ్రే చిలుక పిల్లను చెకప్‌కి తెచ్చారు. ఆయనకు 64 ఏళ్లు. పిల్లకు కళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి, అంటే ఏడాది కూడా నిండలేదన్నమాట. బరువు, రెక్కలు చూశాక అందరినీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను: "మీ తర్వాత దీన్ని ఎవరు చూస్తారండీ?"

"మా అబ్బాయి ఉన్నాడుగా డాక్టరమ్మా" అన్నారు. అబ్బాయి ఉండేది డల్లాస్‌లో.

పక్షుల డాక్టరుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఎక్కువ పక్షుల ప్రాణం తీసిన మాట కూడా ఇదే.

అపోహ: మా పిల్లలు చూసుకుంటారు.

వాస్తవం: బాగా చూసుకుంటే గ్రే 40 నుంచి 60 ఏళ్లు బతుకుతుంది. మకావ్, కాకటూ అనే పెద్ద చిలుకలు కూడా అంతే. సన్ కన్యూర్ అనే చిన్న చిలుక 20, 30 ఏళ్లు ఉంటుంది. 64 ఏళ్ల మనిషికి ఈ లెక్క నేను విప్పి చెప్పక్కర్లేదు. ఇక డల్లాస్ సంగతి. గ్రే 2017 నుంచి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. దేశం దాటించాలంటే ఇక్కడా అక్కడా అనుమతులు కావాలి. అమెరికాకు విదేశీ పక్షుల దిగుమతి మీద 1992 నుంచీ వేరే చట్టం కూడా ఉంది. సూట్‌కేసుతో పాటు పట్టుకెళ్లే వస్తువు కాదది.

అబ్బాయి పక్క వీధిలోనే ఉన్నా సరే, మనిషి పోయిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో మనకు తెలుసు. గుమ్మం నిండా చెప్పులు, ఆగకుండా ఫోన్లు, వచ్చేపోయే చుట్టాలు. అడ్డంగా ఉందని పంజరాన్ని ఎవరో వెనక బాల్కనీలోకి జరుపుతారు. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒక బామ్మగారు పోయిన ఐదో రోజున ఆవిడ కాకటీల్‌ను (జుట్టున్న చిన్న చిలుక) మనవరాలు నా దగ్గరికి తెచ్చింది. అప్పటికే ప్రాణం లేదు. "నానమ్మ మీద బెంగతో పోయింది ఆంటీ" అని ఒకటే ఏడుపు. పంజరం కూడా తెచ్చింది. గింజల గిన్నె నిండుగా కనబడుతోంది. మెల్లగా ఊదాను. పొట్టంతా ఎగిరిపోయింది, అడుగున ఒక్క గింజ లేదు. కాకటీల్ గింజను ఒలిచి పప్పు తినేసి, పొట్టు గిన్నెలోనే వదిలేస్తుంది. ఆ సంగతి బామ్మగారికి తెలుసు, రోజూ పొద్దున్నే ఊది మళ్లీ నింపేవారు. మిగతావాళ్లు గిన్నె నిండుగానే ఉంది, ఇదే తినడం లేదనుకున్నారు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. ఆ పిల్లకు ఆ రోజు నేనేమీ చెప్పలేదు.

పక్షికి బెంగ ఉండదని కాదు. మనిషి కోసం ఈకలు పీక్కునే గ్రేలను చాలా చూశాను. కానీ 90 గ్రాముల పక్షికి తిండి లేకుండా రెండు రోజులు గడిస్తే చాలు, బెంగ దాకా పోనక్కర్లేదు.

ఇంకో ఇంట్లో ప్రేమకు ఏ లోటూ లేదు. తాతగారు చివరి నాలుగు నెలలు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నారు. దాని అలారం బీప్‌ను గ్రే అచ్చం అలాగే పట్టేసింది. ఆయన పోయాక కూడా రాత్రిపూట అదే బీప్. కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చేది, ఖాళీ మంచం చూసి కూలబడేది. రెండు నెలలు ఓర్చుకుని తెలిసినవాళ్ల ద్వారా ఎవరికో ఇచ్చేశారు. అక్కణ్ణుంచి అది మరో చేతికి మారింది. ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. వాళ్లను నేను తప్పు పట్టను, ఆ శబ్దం రోజూ వినమని ఎవరికి చెప్పగలం?

అందుకే మనిషిని ఇప్పుడే వెతకండి, పక్షిని ఇప్పుడే అలవాటు చేయండి. మీకంటే కనీసం 20 ఏళ్లు చిన్నవాళ్లయితే మంచిది. వాళ్లకు ఏదైనా అయితే చూడ్డానికి రెండో మనిషినీ అనుకోండి. అడిగి ఒప్పించండి, మొహమాటానికి తలూపితే లాభం లేదు. రెండు మూడు నెలలకోసారి పక్షిని వాళ్లింట్లో నాలుగు రోజులు ఉంచండి. మీరు లేని ఇంట్లో అది తినడం నేర్చుకోవాలి. పక్కింట్లో ఒకరికి తాళంచెవి ఇచ్చి, మొదటి రోజు నీళ్లు, గింజలు వాళ్లు చూసేలా మాట్లాడుకోండి. పంజరానికి ఒక కాగితం అంటించండి: ఏం తింటుంది, మామూలు బరువెంత, డాక్టర్ ఎవరు, దేనికి భయపడుతుంది. అవకాడో, చాక్లెట్ పెట్టకూడదని, నాన్‌స్టిక్ పెనం మాడిన పొగకు పక్షి చచ్చిపోతుందని కూడా రాయండి. కొత్తవాళ్లకు ఇవేవీ తెలియవు.

అపోహ: వీలునామాలో రాశాను, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: వీలునామా తీసేది పదకొండో రోజు దాటాకే, పక్షికి ఆకలి మొదటి రోజే. పైగా పక్షి పేరున డబ్బు రాయడం కుదరదు. చట్టం దృష్టిలో పక్షి కూడా మీ ఆస్తే. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం ఆస్తి కలిగి ఉండగలిగినవాళ్లే లబ్ధిదారులు కాగలరు. చూసుకునే మనిషి పేరున రాయండి, ఎందుకు ఇస్తున్నారో కూడా రాయండి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2024లో రతన్ టాటా పోయాక, ఆయన కుక్క టిటో గురించి వీలునామాలో ఉందని పేపర్లలో వచ్చింది. అందరూ డబ్బు గురించే మాట్లాడారు. నాకు నచ్చింది, దాన్ని ఆ ఇంట్లో వండిపెట్టే మనిషికి, అంటే కుక్కకు బాగా తెలిసిన చేతికి అప్పగించడం.

అపోహ: కొన్నాం కదా, కాగితాలెందుకు?

వాస్తవం: 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం గ్రే, మకావ్, కాకటూ, కన్యూర్ లాంటివి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. చేతులు మారినా, చనిపోయినా తెలపాలి. ఆ సర్టిఫికెట్, కాలి రింగు నంబరు ఎక్కడున్నాయో వారసుడికి తెలియాలి. బడ్జీలకు (మనవాళ్లు లవ్‌బర్డ్స్ అనేవి ఇవే), కాకటీల్స్‌కు ఈ బాధ లేదు. రామచిలుకది వేరే కథ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం. అలాగని భయపడి రాత్రికి రాత్రి వదిలేయకండి, అటవీశాఖ వాళ్లతో మాట్లాడండి.

అపోహ: తలుపు తీసి వదిలేస్తే పుణ్యం.

వాస్తవం: కాకులు పొడిచిన సన్ కన్యూర్‌ను ఒకసారి పిల్లలు అట్టపెట్టెలో తెచ్చారు. ఒక కన్ను లేదు. చేత్తో తినిపించి పెంచిన పక్షికి బయట తిండి వెతుక్కోవడం తెలియదు, శత్రువెవరో తెలియదు. ఎవరో చెప్పారని దయచేసి ఈ పని చేయకండి.

జూవాళ్లు తీసుకుంటారనీ అంటారు. జూ అనాథాశ్రమం కాదు. చిలుక వందేళ్లు బతుకుతుందన్నది కూడా పెంచి చెప్పే మాటే. షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ 2016లో 83 ఏళ్ల వయసులో పోతే అది ప్రపంచమంతా వార్త అయింది.

మొన్న ఆదివారం పెద్దాయన మళ్లీ వచ్చారు, 31 ఏళ్ల మేనకోడలిని వెంటబెట్టుకుని. తువ్వాలులో పక్షిని ఎలా చుట్టాలో ఆ అమ్మాయికి చూపించాను. మొదటిసారి వేలు కొరికింది. రెండోసారి తనే చుట్టి కాటా మీద పెట్టింది. 412 గ్రాములు. తేదీ వేసి తన ఫోన్‌లో రాసుకుంది.