స్కూలుకు ప్రోగ్రెస్ కార్డు ఎవరిస్తారు?

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య రాసేది.

ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, ఊరంతా ఒకటే ఘాటు. ఈ ఉత్తరం మొదలుపెట్టాక ఇప్పటికి నాలుగుసార్లు తుమ్మాను. అక్షరాలు అక్కడక్కడా ఎగిరిపడితే తప్పు నాది కాదు, మిర్చిది.

చిన్నీ, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోన్లో నువ్వడిగిన మాట నన్ను రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోనివ్వలేదు. మీ స్కూల్ యానివర్సరీ బాగా జరిగిందన్నావు. నీ డ్యాన్సు, బాబీ మైకు వైరు తట్టుకుని పడటం, అన్నీ చెప్పావు. చివర్లో అన్నావు: "మా ప్రోగ్రెస్ కార్డు టీచర్ రాస్తుంది, నాన్న సంతకం పెడతాడు. స్కూలు రిపోర్టు మాత్రం హెడ్‌మిస్ట్రెస్ మేడమే రాసుకుని, మేడమే చదివేసింది. మేం చప్పట్లు కొట్టాం. మరి స్కూలుకు మార్కులు వేసేదెవరు తాతయ్యా?"

అప్పటికి నవ్వేశాను. ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ స్కూళ్లలో పంతులుగా పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు ఆ యానివర్సరీ రిపోర్టు రాసింది నేనే. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు ఈ మాట.

జవాబు చెప్పేముందు నా ఖాకీ లాగూ గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఏడాదికి ఒకటే లాగూ. కాదు, మూడేళ్లకు ఒకటి. జూన్‌లో బడి తెరిచేముందు అమ్మ నన్ను టైలరు దగ్గర నిలబెట్టి, "పెరిగే పిల్లాడు, కింద నాలుగంగుళాలు లోపలికి మడిచి కుట్టు" అనేది. మోకాళ్ల దగ్గర బట్ట దళసరిగా, బరువుగా తగులుతుండేది. మళ్లీ జూన్ వచ్చేసరికి నేను పెరిగేవాణ్ణి. అమ్మ బ్లేడుతో కుట్టు విప్పి, ఒక అంగుళం కిందికి దింపి మళ్లీ కుట్టేది. పైబట్ట ఉతికి ఉతికి వెలిసిపోయి ఉంటుంది, మడతలో దాక్కున్న బట్ట మాత్రం కొత్తదిలా ముదురు రంగులో ఉంటుంది. అందుకని ఏడాదికి ఒక చార పడేది. నా లాగూ అంచు చూస్తే నేను ఏ తరగతిలో ఎంత పొడుగయ్యానో ఎవరైనా చెప్పేయొచ్చు.

స్కూలు కూడా అంతే. ఈ ఏడాది మీ స్కూల్లో కొత్తగా ఏం పెట్టారు? రోబోటిక్స్ అన్నావు. వారానికో లైబ్రరీ పీరియడ్ అన్నావు. చదవడం సరిగ్గా రాని పిల్లలకు సాయంత్రం నాలుగున్నర నుంచి విడిగా క్లాసు అన్నావు. అవన్నీ ఈ ఏడాది దింపిన మడత. రంగు ముదురుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అందుకే మేడమ్ మైకులో వాటి గురించే ఎక్కువ చెప్పి ఉంటుంది. పైనున్న వెలిసిన బట్ట, అంటే ఎక్కాలు, తెలుగు వాచకం, ఉదయం ప్రార్థన, వీటి గురించి రిపోర్టులో ఒక్క ముక్క ఉండదు. కానీ లాగూ నిలిచేది ఆ వెలిసిన బట్ట మీదే.

మడత దింపాలంటే ముందు లోపల బట్ట ఉండాలి కదా. అదెవరు ఉంచారు?

మీదీ మిషన్ స్కూలే కదా, మన గుంటూరే తీసుకోండి. 1842 జులై చివర్లో హయ్యర్ అనే అమెరికా లూథరన్ మిషనరీ ఇక్కడికి వచ్చాడు. అప్పటికి ఆయనకు దాదాపు యాభయ్యేళ్లు. ఫాదర్ హయ్యర్ అనేవారు. వచ్చిన కొత్తలోనే బడులు పెట్టాడు, ఆడపిల్లలకు కూడా. ఆడపిల్లకు చదువెందుకని ఇంటింటా అనుకునే రోజులవి. డెబ్బై దాటాక, ఇక విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో, మళ్లీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు చూడండి, నాకు ఆశ్చర్యమంతా అక్కడే. నాకు డెబ్బై దాటాక బాపట్ల దాకా బస్సులో వెళ్లాలంటేనే బద్ధకం. ఆ చిన్న బడుల మడత దిగుతూ దిగుతూ 1885 నాటికి కాలేజీ అయింది. మీ నాన్న చదివిన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ అదే, ఏసీ కాలేజీ.

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరగలేదు. బందరులో రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు పాదిరి 1843లో బడి పెట్టాడు. పేరున్న ఇళ్ల పిల్లలు చేరారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుని క్రైస్తవులయ్యేసరికి ఊళ్లో పెద్ద గొడవై, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి ఖాళీ. ఆ ఏడాది యానివర్సరీ పెట్టి ఉంటే రిపోర్టులో ఏం చదివేవాళ్లు? "ఈ సంవత్సరం మన పాఠశాలలో ప్రగతి ఏమనగా, బెంచీలు శుభ్రముగా ఉన్నవి" అనా? మెల్లగా పిల్లలు మళ్లీ వచ్చారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరు చుట్టుపక్కల సుమారు ముప్పై వేల మంది పోయారు. మరుసటి ఏడాది నోబులూ పోయాడు. బడి మాత్రం మిగిలింది, తర్వాత నోబుల్ కాలేజీ అయింది.

నోబుల్ గొప్పవాడే, కాదనను. కానీ మాల మాదిగ పిల్లల్ని ఆయన తన బడిలో కూర్చోబెట్టుకోలేదు. వాళ్లను చేర్చుకుంటే మిగతావాళ్లు లేచిపోతారని ఆయన భయం. లోపల బట్ట ఉంది, ఆయన మడత దింపలేదు. మన ఇంట్లో మొదట పలక పట్టినవాడు మా తాత. పట్టింది పల్లెలో చెట్టు కింద పెట్టిన మిషన్ బడిలో. ఆయన నోబుల్ రోజుల్లో బందరులో పుట్టి ఉంటే ఆ బడి గుమ్మం బయటే నిలబడేవాడు. ఈ మాట కోపంతో రాయడం లేదు. మీకు తెలియాలని రాస్తున్నాను.

బాబీ ఇప్పుడు అడుగుతాడు, నాకు తెలుసు: "లాగూలో దారం ఎవరు, గుండీ ఎవరు, కరస్పాండెంటు గారు బెల్టా?" నాయనా, ఈ పోలిక ఇంతకన్నా లాగితే చిరుగుతుంది. ఇక్కడ వదిలేద్దాం.

మార్కుల సంగతికి వస్తాను. ఒకప్పుడు స్కూలుకు నిజంగానే మార్కులు వేసేవారు. 1854 తర్వాత తెల్లదొరల ప్రభుత్వం మిషన్ బడులకు, ఇతర ప్రైవేటు బడులకు కూడా గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత, మన ప్రాంతం కూడా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా బడులకు ఒక పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు. చదవగలిగితే ఇంత, లెక్క చేస్తే ఇంత అని బడికి డబ్బు. పిల్లవాడు తప్పితే పంతులు జీతం తగ్గేది. ఇక చూసుకోండి, ఆ ఒక్క రోజు కోసమే ఏడాదంతా బట్టీ! మార్కులు వేసేవాడు ఉన్నంత మాత్రాన కథ సుఖాంతం కాలేదన్నమాట.

నేను చదివింది మీ స్కూల్లోనే కదా. ఆరో తరగతిలో ఉండగా మాకు కొత్తగా క్రాఫ్ట్ పీరియడ్ పెట్టారు. అబ్బాయిలకు కూడా కుట్టుపని. మా అమ్మ ఎంత సంతోషించిందో! ఇక నా లాగూ నేనే కుట్టుకుంటానని. ఆ ఏడాది యానివర్సరీలో గెస్టుల ముందు రిపోర్టు చదివారు: "ఈ సంవత్సరం 42 మంది విద్యార్థులకు కుట్టుపనిలో శిక్షణ ఇచ్చితిమి." చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ 42 మందిలో నేనూ ఒకణ్ణి కదా.

క్లాసులో ఉన్న సూదులు ఆరు.

ముందు బెంచీ వాళ్లు, మేష్టరుగారింటికి పాలు పోసేవాళ్ల అబ్బాయి, లీడరు, వీళ్ల చేతుల్లోనే తిరిగేవి. నా దాకా ఏడాది మొత్తంలో మూడుసార్లు వచ్చింది సూది. మూడోసారి సగం కాజా కుట్టాను, గంట కొట్టేశారు. మళ్లీ ఆ గుడ్డ నా చేతికి రాలేదు. ఆ సగం కాజా ఎవరి చొక్కాకు పోయిందో ఏమో.

అంటే ఆ రిపోర్టు అబద్ధమా? అబద్ధమని కూడా అనలేను. ఆ మూడుసార్లలో నేర్చుకున్నదానితోనే ఈరోజుకీ నా చొక్కా గుండీ నేనే కుట్టుకుంటున్నాను. నానమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదీ నేనే.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పేస్తాను. నేను రిపోర్టులు రాసిన రోజుల్లో ఒకసారి "గ్రంథాలయంలో 1,100 పుస్తకాలు కలవు" అని గర్వంగా రాశాను. కలవు, నిజమే. లైబ్రరీ ఇన్‌చార్జినీ నేనే. బీరువా తాళం నా జేబులోనే ఉండేది. పిల్లలు చింపేస్తారని భయం. వేసవి సెలవుల తర్వాత తెరిచి చూస్తే కింది రెండు అరల్ని చెదలు చదివేశాయి. ఆ సంగతి తర్వాతి ఏడాది రిపోర్టులో రాయలేదు. ఇప్పుడు మీకే చెబుతున్నాను, మీ నాన్నకు చెప్పకండి.

అందుకని చిన్నీ, కొత్త ప్రోగ్రామ్ ఏది చెప్పినా నువ్వు మనసులో ఒకటే అడుగు: సూదులెన్ని? రోబోటిక్స్ కిట్లు ఎన్ని, వాటి మీద చేయి వేసేది ఎవరు, వెనక బెంచీ అమ్మాయి ఊరికే చూస్తూ నిలబడుతోందా? సాయంత్రం క్లాసుకు ఆటో తప్పిపోతుందని వెళ్లిపోయేవాళ్లు ఎవరు? లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది? అయితే మేడమ్ దగ్గరికెళ్లి "మా తాతయ్య అడగమన్నాడు" అనొద్దు. ఆవిడకు ఇప్పటికే ఫీజులు, యూనిఫాంలు, పదో తరగతి పరీక్షలని సవాలక్ష టెన్షన్లు. కిట్ నీ చేతికి వచ్చినప్పుడు మాత్రం, నీ వంతు అయ్యాక పక్కకు జరిగి వెనకామెకు ఇవ్వు. అంతవరకు నీ చేతిలో పనే కదా.

బాబీ, నువ్వు అడిగింది మర్చిపోలేదు. బైబిల్ పీరియడ్‌లో నీ పక్క బెంచీ అబ్బాయి లైబ్రరీలో కూర్చుంటున్నాడు, అలా కూర్చోవచ్చా అన్నావు. కూర్చోవచ్చు. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంతంగా స్కూళ్లు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ఏమంటుందంటే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో ఏ పిల్లవాణ్ణీ ఇంట్లోవాళ్ల ఒప్పుదల లేకుండా మత బోధనలో కూర్చోబెట్టకూడదు. కాబట్టి మనం వాడి మీద జాలిపడి వదిలేసినట్టు కాదు, అది వాడి హక్కు. వాడేం పుస్తకం చదువుతున్నాడో అడిగి నువ్వూ తెచ్చుకో.

ఇక ఒక పని చెబుతాను. ఇద్దరూ సోమవారం కాస్త ముందు వెళ్లండి. మేడమ్ గది బయట వరండాలో పాత గ్రూప్ ఫోటోలు వరసగా తగిలించి ఉంటాయి, ఇంకా తీసేయకపోతే. ఒక్కొక్కటీ చూడండి. ఏ ఫోటో నుంచి ఆడపిల్లలు కనిపిస్తున్నారు, ఏ ఫోటో దాకా చెప్పుల్లేని కాళ్లున్నాయి, లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. 1966 ఫోటో దగ్గర ఆగండి. టీచర్ల కుర్చీల పక్కన కుడి చివర, ఎండకు కళ్లు చికిలించి నిలబడ్డవాడు నేనే. నా మొహం చూడొద్దు, లాగూ అంచు చూడండి. అద్దం మీద దుమ్ముంటే చేతిరుమాలుతో తుడవండి. చారలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫోన్ చేయండి. నేను మూడంటున్నాను, నానమ్మ రెండే అంటోంది.

ఇట్లు,
మీ తాతయ్య