చేతబడికి సాక్షులెవరు? ఐరోపా కోర్టులు ఒప్పుకోలు రాబట్టిన తీరు

మంత్రగత్తెల్ని కాల్చడం అనగానే అందరికీ మధ్యయుగమే గుర్తొస్తుంది. నిజానికి ఆ మంటలు ఎక్కువగా లేచింది 1560 నుంచి 1650 దాకా, అంటే అచ్చుయంత్రం వచ్చి వందేళ్లు దాటాక. ఐరోపా మొత్తం మీద చనిపోయినవారు 40,000 నుంచి 60,000 మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. తొంభై లక్షలంటూ తిరిగే అంకెకు ఆధారమే లేదు.

అంతకుముందు చర్చి అన్యమతాల్ని ఊరికే వదల్లేదు. 772లో ఫ్రాంకుల క్రైస్తవ రాజు షార్లమేన్, అన్యమతస్థులైన జర్మన్ తెగ శాక్సన్ల పవిత్ర స్తంభం ఇర్మిన్‌సూల్‌ను కూలగొట్టాడు. బాప్తిస్మం వద్దన్న శాక్సన్‌కు మరణశిక్ష అని తర్వాత శాసనం చేశాడు. విచిత్రమేమిటంటే, ఒక మనిషిని మంత్రగత్తె అని నమ్మి కాల్చినవాడికి కూడా అదే శాసనం మరణశిక్ష వేసింది! రాత్రిళ్లు పాత రోమన్ దేవత డయానాతో కలిసి ఆకాశంలో స్వారీ చేస్తామనే ఆడవాళ్లది ఉత్త భ్రమ అని 10వ శతాబ్దపు చర్చి నియమం ఒకటి కొట్టిపారేసింది.

తర్వాత నమ్మకాలూ మారాయి, కానీ మనుషుల్ని చంపింది ముఖ్యంగా విచారణ పద్ధతి. పాత పద్ధతిలో ఫిర్యాది తన మాట రుజువు చేయలేకపోతే శిక్ష అతని మెడకే చుట్టుకునేది. పొరుగింటావిడ మీద చేతబడి కేసు పెట్టాలంటే జంకేవాళ్లు. 13వ శతాబ్దం నుంచి జడ్జీయే కేసు ఎత్తుకుని, సాక్ష్యం సేకరించి, తీర్పు చెప్పే పద్ధతి బలపడింది. మరణశిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులుండాలి, లేదా నిందితుడు ఒప్పుకోవాలి. కాగితం మీద ఇది మంచి రక్షణే. కానీ మంత్రం వేసి ఆవు పాలు ఎండగొట్టడాన్ని కళ్లారా చూసేదెవరు? ఇక మిగిలింది ఒప్పుకోలు, దాన్ని రాబట్టడానికి చిత్రహింస.

జర్మన్ రాజ్యాల కోసం 1532లో చక్రవర్తి ఐదో చార్లెస్ తెచ్చిన శిక్షాస్మృతి దీనికి కొన్ని హద్దులు పెట్టింది. తగిన అనుమానం లేనిదే హింసించకూడదు, చెప్పిన వివరాల్ని సరిచూడాలి, హింస ఆపాక నిందితుడు మళ్లీ ఒప్పుకోవాలి. అయితే కాదన్నవాణ్ని తిరిగి తాడు దగ్గరికే తీసుకెళ్లొచ్చు. చేతులు వెనక్కి విరిచి కట్టి, ఆ తాడుతోనే కప్పీ మీదుగా పైకి లాగి, ఒక్కసారిగా కిందికి వదిలేవారు. భుజాల కీళ్లు ఊడిపోయేవి.

జర్మన్ పట్టణం బాంబెర్గ్‌కు మేయర్‌గా చేసిన యోహానెస్ యూనియస్‌ను 1628లో ఇలా ఎనిమిదిసార్లు లాగారు. అంతకుముందు బొటనవేళ్లను మరలతో నలగ్గొట్టారు. ఆ చేతులతోనే ఆయన జైలు నుంచి కూతురికి రహస్యంగా ఉత్తరం రాశాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పమని తలారే బతిమాలాడట. ఒప్పుకున్నాక అసలు పని మొదలైంది: మంత్రగత్తెల సభలో ఎవరెవర్ని చూశావు? తెలియదంటే, బజారు నుంచి ఒక్కో వీధే చెప్పుకుంటూ రమ్మన్నారు. ఒక్క వీధిలోనే ఎనిమిది పేర్లు చెప్పాల్సి వచ్చింది. ఆ పేర్లే మరికొందరి మీద అనుమానానికి ఆధారం. నిందితుల గుంపు అంతకంతకూ పెరగడానికి కారణం ఇదే. యూనియస్‌కు ఆ ఆగస్టులో మరణశిక్ష అమలైంది.

ఇంగ్లండ్ మామూలు కోర్టుల్లో చిత్రహింస లేదు, అక్కడ మరణశిక్షలు వందల్లోనే ఆగాయి.

వింతగా తోచినా, ఈ గొలుసును తెంపినవాడు స్పెయిన్ ఇంక్విజిషన్ (చర్చి మతవిచారణ కోర్టు) అధికారే. 1610లో ఉత్తర స్పెయిన్ పట్టణం లొగ్రొన్యోలో ఆరుగురిని సజీవంగా కాల్చాక, ఆ తీర్పులో పాల్గొన్న ఆ అధికారి సలాసార్ మరుసటి ఏడాది అక్కడి బాస్క్ జాతివాళ్ల గ్రామాలు తిరిగాడు. 1,802 మందిని విచారించాడు. సభ ఎక్కడ జరిగింది, దారేదని ఒక్కొక్కర్నీ విడివిడిగా అడిగితే జవాబులు పొంతన కుదరలేదు. మంత్రలేపనాలన్నవాటిని జంతువుల మీద పరీక్షిస్తే వాటికేమీ కాలేదు. 1614లో ఇంక్విజిషన్ కేంద్ర మండలి అతని వాదన ఒప్పుకుని, ఇలాంటి కేసుల్లో సాక్ష్యం నియమాల్ని బిగించింది. ఆ నియమాలు వర్తించని, స్పెయిన్ ఈశాన్యంలోని కెటలోనియా స్థానిక కోర్టులు మాత్రం 1618 నుంచి 1622 దాకా ఆడవాళ్లను ఉరితీస్తూనే ఉన్నాయి.