తిరగేసిన రెండు ఫీల్డులు: బీఎస్‌డీ ఐపీ హెడర్ చిక్కు ఎక్కడ మొదలైంది?

ప్రతి ఇంటర్నెట్ ప్యాకెట్ ముందు చిరునామాలు, పొడవు వంటి వివరాలతో ఉండే భాగమే ఐపీ హెడర్. అందులో రెండు బైట్ల సంఖ్య ఏదైనా పెద్ద బైట్ ముందు, చిన్న బైట్ వెనుక రావాలి. 1981 నుంచీ ఇదే నియమం. దీన్నే నెట్‌వర్క్ ఆర్డర్ అంటాం. అప్పటి వ్యాక్స్ కంప్యూటర్లది దీనికి ఎదురు వరస. మెషీన్ సొంత వరసను హోస్ట్ ఆర్డర్ అంటాం. ఆ వ్యాక్స్‌ల మీద నడిచిన బర్క్‌లీ యూనిక్స్ కూర్పు 4.2బీఎస్‌డీ (1983) దీనికో దారి వెతుక్కుంది. ప్యాకెట్ రాగానే చెక్‌సమ్ (హెడర్ చెడిపోలేదని సరిచూసే సంఖ్య) చూసి, మొత్తం పొడవు (ఐపీ_లెన్), ముక్కలైన ప్యాకెట్‌లో ఈ ముక్క స్థానం చెప్పే ఫ్రాగ్మెంట్ ఆఫ్‌సెట్ (ఐపీ_ఆఫ్) ఫీల్డులను ప్యాకెట్ బఫర్‌లోనే తిరగేసి రాసేది. ప్యాకెట్ ఆ మెషీన్‌కే వచ్చినదైతే పొడవులోంచి హెడర్ సైజును కూడా తీసేసేది. బయటికి పంపేటప్పుడు మళ్లీ తిరగేసేది. ఒకసారి తిప్పేస్తే పై కోడంతా మామూలు లెక్కలతో నడిచిపోతుంది. కోడ్ చిన్నగా ఉన్న ఆ రోజుల్లో అది సబబైన పనే.

కోడ్ పెరిగేకొద్దీ మొదలైంది ఇబ్బంది. 84 బైట్ల పింగ్ ప్యాకెట్‌నే చూడండి. వైరు మీద దాని పొడవు హెక్సాలో 00 54. తిప్పాక మెమరీలో 54 00. హెడర్ 20 బైట్లు తీసేశాక 40 00. కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఒకే ఫీల్డుకు మూడు అర్థాలు. తిప్పిన దాన్ని తిప్పలేదనుకుని చదివితే 84 కాస్తా 21,504 అవుతుంది. ఆఫ్‌సెట్ ఫీల్డుది ఇంకా ఘోరం. 'ముక్కలు చేయొద్దు' అనే డీఎఫ్ బిట్ ఉన్న ప్యాకెట్‌లో అది 40 00. తిరగేసిన 00 40 అలాగే బయటికి పోతే డీఎఫ్ మాయమై, ఆఫ్‌సెట్ 64 అవుతుంది. ఒక్కో యూనిట్ 8 బైట్లు కాబట్టి, అవతలి మెషీన్ దాన్ని 512వ బైట్ దగ్గర మొదలయ్యే ముక్క అనుకుని, రాని మిగతా ముక్కల కోసం ఎదురుచూసి, గడువు తీరాక పారేస్తుంది. పంపినవాడికి కనపడేది టైమవుట్ మాత్రమే. పెద్ద బైట్‌నే ముందు ఉంచే బిగ్ ఎండియన్ మెషీన్లలో తిప్పడమే ఉండదు కనుక అక్కడ పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

ఫైర్‌వాల్స్ వచ్చాక చిక్కు ముదిరింది. పీఎఫ్ అనే ఫైర్‌వాల్‌కు నెట్‌వర్క్ ఆర్డర్ కావాలి. అందుకే బీఎస్‌డీ వారసుల్లో ఒకటైన ఫ్రీబీఎస్‌డీలో దాన్ని పిలిచే ముందు ఓసారి, తిరిగొచ్చాక ఓసారి ఫీల్డులను తిప్పేవారు. ఒక ఎర్రర్ దారిలో ఆ రెండోసారి మరిచిపోతే చాలు. పైగా బఫర్‌లోని డేటాను ఇంకో కాపీ కూడా పంచుకుంటూ ఉండొచ్చు. అలాంటప్పుడు ఇక్కడ రాసింది అక్కడా మారిపోతుంది. అసలు దోషం ఇదేనని నా అభిప్రాయం: ఏ ఆర్డర్ ఎంచుకున్నారన్నది కాదు, చదవడానికి వచ్చిన హెడర్ మీద రాయడం.

మిగతా వారసుల్లో నెట్‌బీఎస్‌డీ 2002లో, ఓపెన్‌బీఎస్‌డీ 2003లో ఈ తిప్పుడు మానేశాయి. ఫ్రీబీఎస్‌డీలో 2012 అక్టోబరులో గ్లెబ్ స్మిర్నాఫ్ ఐపీవీ4 స్టాక్ మొత్తాన్ని నెట్‌వర్క్ ఆర్డర్‌కు మార్చారు. తిప్పిన విలువ లోకల్ వేరియబుల్‌లోనే ఉంటుంది, ప్యాకెట్‌లోకి వెళ్లదు. హెడర్ సైజు తీసేసే అలవాటూ వెంటనే పోయింది.

ప్రోగ్రాములు ఐపీ ప్యాకెట్లను నేరుగా పంపి, అందుకునే రా సాకెట్ల దగ్గర మాత్రం పాత ప్రోగ్రాముల కోసం మొదట్లో పాత బైట్ వరసనే ఉంచారు. హెడర్‌ను తామే కట్టి పంపే ప్రోగ్రాములు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి, అందుకున్న ప్యాకెట్ పొడవులో హెడర్ కూడా కలిసే ఉంటుంది. 11.0 నుంచి పంపినా అందుకున్నా రెండు ఫీల్డులూ నెట్‌వర్క్ ఆర్డరే. మ్యాక్‌ఓఎస్‌లో ఇప్పటికీ హోస్ట్ ఆర్డరే రాయాలి. లినక్స్‌లో మొత్తం పొడవును, చెక్‌సమ్‌ను కెర్నలే నింపేస్తుంది కాబట్టి, మీరు పొడవు తప్పు రాసినా ప్యాకెట్ వెళ్లిపోతుంది. లినక్స్‌లో బాగా నడిచిన కోడ్ బీఎస్‌డీకి తేగానే ప్యాకెట్ పంపే సెండ్‌టూ కాల్ 'ఈఇన్‌వాల్' (ఇచ్చిన విలువ చెల్లదు) అనే ఎర్రర్ ఇచ్చిందంటే ముందు చూడాల్సింది ఐపీ_లెన్‌నే. కెర్నల్ 84ను 21,504గా చదివి, చేతిలో ఉన్న 84 బైట్లతో పోల్చి తిప్పికొట్టి ఉంటుంది.