హరప్పా మట్టి ఏం చెబుతుంది, ఏం చెప్పదు: అపోహలు – వాస్తవాలు

తవ్వకంలో ఒక వస్తువు బయటపడగానే ముందు రాసుకోవాల్సింది దాని పేరు కాదు. ఏ గుంట, ఏ పొర, ఎంత లోతు, పక్కన ఏమేం ఉన్నాయి అన్నది. పేరు తర్వాత పెట్టొచ్చు, తప్పని తేలితే మార్చొచ్చు. సింధు నాగరికత గురించి వాట్సాప్‌లో తిరిగే వాదనల్లో చాలావరకు ఈ వరసను తిరగేసినవే. శివుడనో, ఆర్యుల దాడి అనో, యజ్ఞకుండమనో పేరు ముందే పెట్టేస్తారు. పొర ఊసెత్తరు. ఈ విషయంలో అటు పక్షానికీ ఇటు పక్షానికీ తేడా లేదు.

కాలాల లెక్క ముందు చూసుకుందాం. తొలి దశ సుమారు క్రీ.పూ. 3200 నుంచి, పెద్ద నగరాల దశ 2600 నుంచి 1900 దాకా, మలి దశ 1300 దాకా. ఋగ్వేద సూక్తాలను ఎక్కువమంది పండితులు క్రీ.పూ. 1500–1000 మధ్య పెడతారు. గొడవంతా నగరాల దశ ముగింపుకూ ఋగ్వేదానికీ నడుమ ఖాళీలోనే ఉంది.

అపోహ: ఆర్యులు దండెత్తి వచ్చి మొహెంజోదారోను నాశనం చేశారు.

దీన్ని జనంలోకి తెచ్చింది బ్రిటిష్ పురావస్తువేత్త మార్టిమర్ వీలర్. 1946లో హరప్పాలో కోటగోడ బయటపడింది. ఇంద్రుడికి పురందరుడని, అంటే కోటలు పగలగొట్టేవాడని పేరుంది కదా, అంతకుముందే మొహెంజోదారోలో దొరికిన అస్థిపంజరాలను ఆయన ఆ పేరుతో ముడిపెట్టారు. 1964లో అమెరికన్ పురావస్తువేత్త జార్జ్ డేల్స్ ఆ అస్థిపంజరాల తవ్వకపు రికార్డులు మళ్లీ తిరగేశారు. అవన్నీ ఒకే పొరలోవి కావు. యుద్ధమే జరిగితే శవాలు కోట దగ్గర పడాలి, దొరికింది దిగువ పట్టణంలో. తగలబడిన పొర లేదు, విరిగిన ఆయుధాల కుప్పా లేదు. ఆ తర్వాత ఎముకల నిపుణుడు కెనెత్ కెనెడీ వాటిని పరీక్షిస్తే చాలావాటి మీద గాయమే లేదు, ఉన్న గాయాల్లోనూ కొన్ని బతికుండగానే మానినవి.

మరి నగరం ఎలా పోయింది? పై పొరల్లో పెద్ద ఇళ్లను అడ్డుగోడలతో ముక్కలు చేశారు, పాత ఇటుకలు పీకి మళ్లీ వాడారు, వీధుల్లోకి కుండలు కాల్చే బట్టీలు వచ్చాయి. ఇది ఒక రాత్రి కూలిన ఊరు కాదు, తరాల పాటు నీరసించిన ఊరు. వానలు తగ్గాయి, నదులు దారి మార్చుకున్నాయి, మెసొపొటేమియాతో బేరాలు పడిపోయాయి. జనం తూర్పుకూ గుజరాత్ వైపుకూ సర్దుకుని పల్లెలు కట్టుకున్నారు.

అపోహ: దాడి లేదంటే వలసా లేదు. రాఖీగఢీ డీఎన్‌ఏ తేల్చేసింది.

హర్యానాలోని రాఖీగఢీ మీద 2019లో వచ్చిన ఆ పరిశోధన ఆధారపడింది ఒకే ఒక్క స్త్రీ అస్థిపంజరం మీద. 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఆ ఒక్కటే. ఎండల దేశంలో డీఎన్‌ఏ నిలవదు. లోపలి చెవి చుట్టూ ఉండే ఎముక ఒంట్లోకెల్లా గట్టిది కాబట్టి దానిలోనే కాస్త మిగిలే అవకాశం ఉంటుంది. ఆర్యభాషలవాళ్ల మూలంగా చెప్పే స్టెప్పీ గడ్డిమైదానాల (మధ్య ఆసియాకు ఉత్తరాన ఉన్నవి) వంశవాటా ఆమెలో కనిపించలేదు. అంటే ఆమె కాలానికి, ఆమె వరకు అది లేదు. అదే ఏడాది, చాలావరకు అదే బృందం ప్రచురించిన మరో పెద్ద అధ్యయనం స్టెప్పీ వాటా క్రీ.పూ. 2000–1500 మధ్య ఉపఖండంలోకి చేరిందని చెప్పింది. ఒకరు మొదటి కాగితం చూపిస్తారు, ఇంకొకరు రెండోది. రెండూ కలిపి చదవాలి. ఆ స్త్రీ వంశమూలాలే ఇవాళ్టి దక్షిణాసియా వాళ్లలో, తెలుగువాళ్లతో సహా, పెద్ద వాటా అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు.

అపోహ: పశుపతి ముద్రలో ఉన్నది శివుడే.

ముందు ముద్రను దగ్గరగా చూద్దాం. 3.5 సెంటీమీటర్ల చదరం, అగ్గిపెట్టెలో పట్టేంత. రాయి స్టియటైట్, అంటే మన బలపపు రాయి, గోటితో గీకినా గీత పడేంత మెత్తన. రంపంతో బిళ్ల కోసి, వెనక తాడు దూరేలా బొడిపె వదిలి, బొమ్మనూ అక్షరాలనూ తిరగేసి చెక్కుతారు, మట్టి మీద ఒత్తినప్పుడు సూటిగా పడాలి కదా. తర్వాత క్షారం పూసి కాలిస్తే తెల్లబడి గట్టిపడుతుంది. కాల్చాక దిద్దుబాటు కుదరదు.

బొమ్మలో కొమ్ముల కిరీటంతో, చేతుల నిండా కడియాలతో, మడమలు కలిపి కూర్చున్న మనిషి ఉన్నాడు. చుట్టూ ఏనుగు, పులి, ఖడ్గమృగం, దున్న, పీఠం కింద కొమ్ముల జంతువులు రెండు. దీన్ని ఆది శివుడన్నది పురావస్తువేత్త జాన్ మార్షల్. చిక్కు ఎక్కడంటే, ఆ కొమ్ములు దున్నపోతువి, ఎద్దు అసలు లేనే లేదు. వేదంలో పశువులంటే ముఖ్యంగా పెంపుడు జంతువులు, ఇక్కడున్నవి ఎక్కువగా అడవివి. మా అంచనా, ఇది దేవుడి బొమ్మే కావచ్చు. రావిచెట్టు మధ్య నిలబడ్డ కొమ్ముల దేవతలు వేరే ముద్రల మీదా ఉన్నారు. కానీ ఆ దేవుడి పేరు బహుశా తల పైనున్న గుర్తుల వరసలోనే ఉంది, దాన్ని చదవలేకపోతున్నాం.

లింగం, యోని అని చూపించే గుండ్రటి రాతి చక్రాల సంగతీ అంతే. అలాంటివి గుజరాత్‌లోని ధోలావీరాలో స్తంభాల భాగాలుగా దొరికాయి.

అపోహ: రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో యజ్ఞశాల దొరికింది.

ఎత్తైన అరుగు మీద, బావి దగ్గర్లో వరసగా ఏడు గుంటలు, లోపల బూడిద, మధ్యలో మట్టి దిమ్మె. వంటపొయ్యిలను ఎవరూ అలా వరస పేర్చరు, కాబట్టి ఏదో నిప్పు ఆచారం ఉండొచ్చు. అయితే మొహెంజోదారో, హరప్పాల్లో ఇలాంటిది లేదు. ఒక ప్రాంతపు అలవాటును మొత్తం నాగరికతకు, అక్కణ్నుంచి వేదాల నాటి శ్రౌతయజ్ఞానికి సాగదీయడం ఎక్కువే.

అపోహ: గుర్రం ముద్ర దొరికింది.

వేదంలో గుర్రం ముఖ్యం కాబట్టి హరప్పాలోనూ దాని కోసం వెతుకుతారు. 2000లో అలా చూపించినది విరిగిన ఒంటికొమ్ము జంతువు ముద్ర, వెనక సగం మాత్రమే మిగిలింది. గుజరాత్ కచ్‌లోని సుర్కోటడాలో దొరికిన ఎముకలు గుర్రానివా కావా అన్నదాని మీద మాత్రం నిజమైన వాదనే ఉంది. కచ్‌లో అడవిగాడిదలు ఇప్పటికీ తిరుగుతాయి, ఆ ఎముకలూ గుర్రపు ఎముకలూ విడదీయడం తేలిక కాదు.

అపోహ: లిపిని చదివేశారు.

ఏటా ఎవరో ఒకరు చదివేస్తూనే ఉంటారు. లిపి పరిశోధకుడు ఐరావతం మహదేవన్ 1977 పట్టికలో 417 గుర్తులున్నాయి. సగటు రాత ఐదు గుర్తుల లోపే, ఒక ముఖం మీద అతి పొడవైనది 17. రెండు భాషల్లో ఉన్న శాసనం ఒక్కటీ లేదు. కుడి నుంచి ఎడమకు రాశారని మాత్రం చెప్పగలం. ఎడమ అంచుకు వచ్చేసరికి చోటు చాలక గుర్తులు ఇరుక్కుంటాయి, పెంకుల మీద గీతలు ఒకదాన్నొకటి దాటిన తీరూ అదే చెబుతుంది.

ద్రావిడ ప్రతిపాదన తెలుగువాళ్లకు చప్పున అందుతుంది. చేప గుర్తును మీన్ అని చదవొచ్చని, తమిళంలో ఆ మాటకు చుక్క అనే అర్థం కూడా ఉంది కాబట్టి అది గ్రహాల పేర్లను సూచించవచ్చని ఫిన్లాండ్ పండితుడు ఆస్కో పార్పోలా వాదన. మన పాత కావ్యాల్లో మీను, మీలు చేపలే. ఊహ బాగుంది, రుజువు కాలేదు. కొత్తగా ఎవరైనా చదివామంటే ఒకటే అడగండి: ఒక గుర్తుకు ఇచ్చిన ఉచ్చారణే అది వచ్చిన ప్రతిచోటా పొసుగుతుందా? మూడో ముద్ర దగ్గరే చాలా పద్ధతులు కూలిపోతాయి. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది.

అపోహ: హిందూ సమాజానికి హరప్పాతో సంబంధమే లేదు.

దేవుళ్ల దగ్గర వెతికితే దొరకనిది పొలంలో, తక్కెడలో దొరుకుతుంది. కాలీబంగన్‌లో నగర దశకు ముందరి పొరలో దున్నిన చేను బయటపడింది. ఒకవైపు సాళ్ల మధ్య ఎడం సుమారు 30 సెంటీమీటర్లు, అడ్డంగా వెళ్లే సాళ్ల మధ్య 190. ఆ చుట్టుపక్కల రైతులు తవ్వకాల నాటికీ అలాగే వేస్తున్నారు: దగ్గర సాళ్లలో పప్పుజాతి పంట, ఎడం సాళ్లలో ఎత్తుగా పెరిగే ఆవాలు. ఆవ మొక్క నీడ కింద పంటను చంపకూడదంటే అంత ఎడం ఉండాల్సిందే.

ఇక తూకాలు. చెర్ట్ అనే గట్టి రాతి ఘనాలు. చిన్నది 0.86 గ్రాములకు అటూ ఇటూ, తర్వాత 2, 4, 8, 16 రెట్లు. బాగా వాడుకలో ఉన్నది పదహారో రెట్టు, సుమారు 13.7 గ్రాములు. చిన్న రాయి దాదాపు ఎనిమిది గురివింద గింజల బరువు. మొన్నమొన్నటి వరకు కంసాలులు బంగారం తూచింది ఆ గింజతోనే, రూపాయికి లెక్క పదహారు అణాలే. అయితే ఒక జాగ్రత్త ఉంది. రెండు పళ్లేల తక్కెడ చేతిలో ఉన్నవాడు ఎవరైనా రెట్టింపు లెక్కకే వస్తాడు. కాబట్టి వారసత్వం అనడానికి ఇది బలమైన సూచన, తిరుగులేని రుజువు కాదు.

బలూచిస్థాన్‌లోని నౌషారో మట్టిబొమ్మల పాపిట్లో ఎర్రరంగు ఉంది. హరప్పాలో శవాలను కుండలతో పాటు పాతిపెట్టారు. కొనసాగింది ఉంది, తెగిపోయింది ఉంది. హిందు అన్న మాట కూడా మొదట మతం పేరు కాదు. సింధును పారసీకులు పలికిన తీరది, వాళ్ల రాజు డేరియస్ శాసనాల్లో ఒక ప్రాంతం పేరు.

అపోహ: హరప్పా కూలాక పారిపోయి వచ్చినవాళ్లే దక్షిణాదిని నింపారు.

ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు), అనంతపురం జిల్లా పాలవాయిలో బూడిద దిబ్బలున్నాయి. పశువులను కంచె కట్టి మూసి, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా ఏర్పడినవి. మొహెంజోదారో వీధులు కళకళలాడిన క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోనే ఇక్కడ మందలు కాసే జనం ఉన్నారు. ఉట్నూరులో బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కూడా అలాగే దొరికాయి.