అంకెలు సరిగ్గానే పెట్టాను, నక్షత్రం ఎందుకు కనిపించదు?

చీకటి పడ్డ గంటకు ఫోన్ మోగిందంటే సంగతి సగం నాకు ముందే తెలిసిపోతుంది. "విషువాంశ పెట్టానండీ, క్రాంతి పెట్టాను. టెలిస్కోప్ నేలను చూస్తోంది. మౌంటు పాడైనట్టుంది." పాడవలేదు. విషువాంశ (రైట్ అసెన్షన్), క్రాంతి (డెక్లినేషన్) అంటే ఆకాశంలో వస్తువు చిరునామా చెప్పే రెండు అంకెలు, భూమి మీద రేఖాంశం, అక్షాంశం లాంటివి. ఈక్వటోరియల్ మౌంటుకు, అంటే ఒక అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా పెట్టే టెలిస్కోప్ స్టాండుకు, కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. విసుగెత్తి మంచి పరికరాన్ని అటక ఎక్కించినవాళ్లనూ చూశాను.

అపోహ: మౌంటు మీది విషువాంశ చక్రం (అంకెలున్న గుండ్రటి కొలబద్ద) నక్షత్రాల పట్టికలోని అంకె చూపేలా టెలిస్కోప్‌ను తిప్పితే చాలు, వస్తువు దొరుకుతుంది.

వాస్తవం: క్రాంతి చక్రం విషయంలో ఇది నిజమే. ధ్రువాక్షాన్ని (మౌంటు ప్రధాన అక్షాన్ని) ఖగోళ ధ్రువానికి, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువుకు, గురిపెట్టాక అభిజిత్ (వేగా) నక్షత్రం క్రాంతి +38° 47′ అని చూపిస్తే, తెల్లవారుజామున కూడా అదే చూపిస్తుంది. విషువాంశ అలా కాదు. దాన్ని వసంత విషువద్బిందువు నుంచి, అంటే మార్చిలో సూర్యుడు ఖగోళ మధ్యరేఖను (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతను) దాటే చోటి నుంచి, కొలుస్తాం, ఆ బిందువు ఆకాశంతో పాటే తిరుగుతుంది. మౌంటేమో నేల మీద నిలబడి ఉంది. కదిలే రైల్లో మన సీటు ఎక్కడుందో ప్లాట్‌ఫారం మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

అందుకే ప్రతి రాత్రీ తెలిసిన నక్షత్రంతో మొదలుపెట్టాలి. ఎం57, అదే రింగ్ నెబ్యులా (ఉంగరంలా కనిపించే వాయుమేఘం) చూడాలనుకోండి. ముందు అభిజిత్‌ను ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి రెండు అక్షాలనూ బిగించండి. ఇప్పుడు టెలిస్కోప్‌ను కదపకుండా, విషువాంశ చక్రాన్ని మాత్రం చేత్తో తిప్పి సూచిక కింద 18 గంటల 37 నిమిషాలు వచ్చేలా పెట్టండి. ఆ తర్వాతే అక్షాలు వదులు చేసి 18 గంటల 54 నిమిషాలకు, +33° 2′ క్రాంతికి తిప్పండి. తక్కువ మాగ్నిఫికేషన్ ఐపీస్‌నే వాడండి. చిన్న మౌంట్లలో ఒక్కో గీత సాధారణంగా 10 నిమిషాలు, అంటే ఖగోళ మధ్యరేఖ దగ్గర రెండున్నర డిగ్రీలు. అయిదు నిండు చందమామలను వరసగా పేర్చినంత!

ఆకాశంతో పాటు టెలిస్కోప్‌ను తిప్పే మోటారు లేకపోతే ఆలస్యం చేయకండి. పది నిమిషాలు ఆగితే చక్రం కూడా పది నిమిషాలు తప్పుతుంది. విషువాంశను గంటల్లో రాయడంలోని సౌకర్యం ఇదే. అయితే ఈ నిమిషం, క్రాంతిలోని నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) ఒకటి కావు. మధ్యరేఖ దగ్గర ఇది దానికి పదిహేను రెట్లు.

మరో మెలిక ఉంది. చాలా చక్రాల మీద అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, ఒకటి ఉత్తరార్ధగోళానికి, ఒకటి దక్షిణార్ధానికి. కొత్తలో నేను రెండు రాత్రులు తప్పు వరసే చదివాను. పదిహేడు నిమిషాలు తూర్పుకు వెళ్లవలసినవాణ్ని పడమరకు వెళ్లి, అక్కడ లేని నెబ్యులా కోసం ఖాళీ ఆకాశాన్ని గాలించాను. లెన్సుల మీద అనుమానపడ్డాను, కళ్ల మీద కూడా. పరీక్ష చాలా తేలిక: టెలిస్కోప్‌ను తూర్పుకు జరిపితే అంకె పెరగాలి. పెరగని వరసను మరిచిపోండి.

కంప్యూటర్ మౌంటు అన్నీ తనే చూసుకుంటుందన్నది మరో పుకారు. మొదట నక్షత్రాలు చూపించమని అది కూడా అడుగుతుంది కదా, ఎందుకనుకున్నారు? ఇందుకే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, డిగ్రీలో సుమారు మూడింట రెండు వంతులు పక్కన ఉంది. కంటితో చూడడానికి ఆ తేడా లెక్కలోకి రాదు, ఎక్కువసేపు ఫొటో తీసేవాళ్లకు వస్తుంది. ట్రైపాడ్ మట్టంగా లేకపోతే ట్రాకింగ్ చెడుతుందనేది ఉత్తమాట. అక్షం ధ్రువం వైపు ఉంటే చాలు, మట్టం చూసుకోవడం పడిపోకుండా ఉండటానికీ, సర్దుబాట్లు తేలికవడానికీ. పట్టిక 2000 సంవత్సరం నాటిదని బెంగపడేవాళ్లకు: విషువచ్చలనం (భూమి అక్షం మెల్లగా దిశ మారడం వల్ల ఈ అంకెలు జరగడం) ఏడాదికి 50 ఆర్క్ సెకన్లే, ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు. ఇన్నేళ్లకు పోగైన తేడా కూడా మీ చక్రం మీద కనిపించదు.

చక్రం సరిచేయడానికి చంద్రుణ్ని మాత్రం వాడకండి. గంటకు దాదాపు తన వెడల్పంత దూరం నక్షత్రాల మధ్య జరిగిపోతాడు. సాయంత్రం రాసుకున్న అంకె అర్ధరాత్రికి పనికిరాదు.