పిప్ ఇన్‌స్టాల్ అంటే లినక్స్ ఎందుకు వద్దంటోంది?

లినక్స్‌లో పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లకి ఇప్పుడు తొలి రోజుల్లోనే ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది. ఏదో లైబ్రరీ కావాలి, ట్యుటోరియల్‌లో పిప్ ఇన్‌స్టాల్ అని రాసి ఉంది (పిప్ అంటే పైథాన్ లైబ్రరీలని నెట్ నుంచి తెచ్చిపెట్టే ప్రోగ్రామ్), అదే కమాండ్ టెర్మినల్‌లో కొడతారు. లైబ్రరీ రాదు. 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రర్, దాని కింద పేరాడు సూచనలు వస్తాయి. 2023కి ముందు వచ్చిన డెబియన్, ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల (లినక్స్‌ని కావలసిన ప్రోగ్రామ్‌లతో కలిపి అందించే రకాల) వర్షన్లలో ఇదే కమాండ్ మాట్లాడకుండా పనిచేసేది. కంగారులో సెర్చ్ చేస్తే దొరికే జవాబుల్లో చాలా వాటిది ఒకటే మాట: కమాండ్ చివర 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ తగిలించండి. తగిలిస్తే పని అయిపోతుంది కూడా. కానీ ఆ అడ్డు ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా దాన్ని దాటడం ప్రమాదం. దాని వెనక ఎన్నో పాడైపోయిన సిస్టమ్‌ల చరిత్ర ఉంది.

గిడో వాన్ రాసమ్ పైథాన్ తొలి వర్షన్‌ని 1991లో విడుదల చేశాడు. డెబియన్‌ని ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రకటించాడు. రెండూ విడివిడిగా పెరిగాయి, రెండింటికీ వేర్వేరు పద్ధతులు ఏర్పడ్డాయి. డెబియన్ పద్ధతిలో సిస్టమ్‌లోని ప్రతి ఫైలూ ఏదో ఒక ప్యాకేజీకి చెందాలి. ఏ ఫైలు ఏ ప్యాకేజీది, ఏ వర్షన్‌ది, దానికి ఇంకేం కావాలి అన్న లెక్కంతా డీపీకేజీ అనే ప్రోగ్రామ్ దగ్గర ఉంటుంది. 1999లో డెబియన్ 2.1తో పాటు వచ్చిన యాప్ట్, ఆ లెక్క చూసుకుని కావలసినవన్నీ తనే నెట్ నుంచి తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. సీ భాషలో రాసినదైనా, పెర్ల్‌లో రాసినదైనా, పైథాన్‌లో రాసినదైనా డెబియన్‌కి అన్నీ ప్యాకేజీలే.

పైథాన్ లోకంలో చాలాకాలం అలాంటి లెక్క ఏదీ లేదు. 2000లో పైథాన్‌లో భాగంగా వచ్చిన డిస్ట్‌యుటిల్స్ ఫైళ్లని ఫోల్డర్లోకి కాపీ చేసేది, అంతే. ఏమేం కాపీ చేసిందో రాసిపెట్టుకునేది కాదు. లైబ్రరీలన్నీ ఒకచోట దొరికే పైపీఐ 2003లో మొదలైంది. 2004లో వచ్చిన సెటప్‌టూల్స్‌లోని ఈజీ ఇన్‌స్టాల్ డిపెండెన్సీలని, అంటే ఒక లైబ్రరీ పనిచేయడానికి కావలసిన వేరే లైబ్రరీలని కూడా తెచ్చిపెట్టేది గానీ, అన్‌ఇన్‌స్టాల్ చేసే కమాండ్ మాత్రం దానికి లేదు. ఆ లోటు తీర్చడానికే ఇయాన్ బికింగ్ 2008లో పిప్ రాశాడు. అంతకు ఒక ఏడాది ముందే ఆయన ఇంకోటి కూడా రాశాడు: వర్చువల్‌ఎన్వ్. ప్రతి ప్రాజెక్ట్‌కీ విడిగా ఒక పైథాన్ ఫోల్డర్ పెట్టుకుని, లైబ్రరీలన్నీ అందులోనే ఉంచుకునే పద్ధతి అది. సమస్యకి మందు సమస్య ముదరకముందే దొరికింది. దాన్ని అందరి దాకా చేర్చడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఈ మొత్తం కథలో నాకు బాధ కలిగించే విషయం అదే.

ఈలోగా లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు పైథాన్‌ని బాగా ఇష్టపడి, తమ సొంత పనిముట్లు దాంతోనే రాసుకున్నాయి. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాడిన ప్యాకేజీ మేనేజర్ యమ్ పైథాన్ ప్రోగ్రామ్. వాటి ఇన్‌స్టాలర్ అనకొండా పైథాన్. జెంటూ వాడే పోర్టేజ్ కూడా పైథానే. ఉబుంటులో కొత్త రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) కలిపే కమాండ్, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే వేసే ప్రోగ్రామ్, తెలియని కమాండ్ కొడితే ఏ ప్యాకేజీ కావాలో చెప్పే ప్రోగ్రామ్, అన్నీ పైథాన్‌లోనే ఉన్నాయి. అంటే సిస్టమ్‌లో ఉన్న పైథాన్ మనం కోడ్ రాసుకోవడానికి ఇచ్చినదే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులు చేసుకోవడానికి ఆధారపడే భాగం కూడా. ఈ విషయాన్ని నేర్చుకునేవాళ్లకి ఎవరూ ముందుగా చెప్పేవాళ్లు కాదు.

దాని ఫలితం మొదట రెడ్‌హ్యాట్ వైపు కనిపించింది. రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్‌తోనే తయారైన సెంటోస్ 6లో ఉన్నది పైథాన్ 2.6. కొత్త వర్షన్ కావాలనుకున్నవాళ్లు సోర్స్ నుంచి బిల్డ్ చేసి, పాత పైథాన్ ఉన్న చోటే కొత్తదాన్ని పెట్టేవాళ్లు. మరుక్షణం నుంచి యమ్ పనిచేసేది కాదు. ప్యాకేజీ మేనేజరే పోయాక దాన్ని బాగుచేయడానికి కావలసిన ప్యాకేజీని ఎలా తెచ్చుకోవాలి? ఉబుంటులో ఇదే తప్పు ఇంకో రూపంలో జరిగేది. పైథాన్3 అనే పేరు కొత్త వర్షన్‌ని చూపించేలా అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో మార్చేవాళ్లు. ఆ తర్వాత గ్నోమ్ టెర్మినల్ తెరుచుకునేది కాదు. ఎందుకంటే ఉబుంటులో దాన్ని తెరిచే చిన్న ప్రోగ్రామ్ పైథాన్‌లో రాసినది, దానికి కావలసిన మాడ్యూల్ పాత వర్షన్‌కి మాత్రమే కంపైల్ అయి ఉంది. యాప్ట్ అప్‌డేట్ కొడితే 'యాప్ట్ పీకేజీ అనే మాడ్యూల్ లేదు' అని ఎర్రర్ వచ్చేది కూడా ఇందుకే.

పైథాన్‌ని మార్చకపోయినా, లైబ్రరీ ఒక్కటి మార్చినా చాలు. రూట్‌గా, అంటే సుడో పెట్టి సిస్టమ్ మీద పూర్తి అధికారంతో, పిప్ ఇన్‌స్టాల్ చేస్తే ఏదో లైబ్రరీకి కొత్త వర్షన్ వస్తుంది. డిస్ట్రిబ్యూషన్ ప్రోగ్రామ్‌లు పాత వర్షన్‌తో పరీక్షించినవి. కొత్తదాంట్లో ఒక ఫంక్షన్ పేరు మారి ఉంటే అవి ఆగిపోతాయి. డీపీకేజీని అడిగితే అంతా సరిగానే ఉందంటుంది, పిప్‌ని అడిగినా అదే మాట. ఇద్దరివీ వేర్వేరు పుస్తకాలు, ఒకరి లెక్క ఇంకొకరు చూడరు.

డెబియన్ దీనికి 2009 ప్రాంతంలోనే, పైథాన్ 2.6 తెచ్చినప్పుడే, ఒక విరుగుడు చేసింది. సైట్ ప్యాకేజెస్ అనే మామూలు ఫోల్డర్‌కి బదులు యాప్ట్ తెచ్చే లైబ్రరీలని డిస్ట్ ప్యాకేజెస్ అనే ఫోల్డర్‌లో పెట్టింది. పిప్ తెచ్చేవి యూఎస్ఆర్ లోకల్ కింద ఉండే మరో డిస్ట్ ప్యాకేజెస్‌లోకి వెళ్లేలా చేసింది. దీంతో ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడటం ఆగింది. కానీ అసలు చిక్కు ఫైళ్లు ఎక్కడున్నాయన్నది ఒక్కటే కాదు, పైథాన్ వాటిని ఏ వరసలో వెతుకుతుందన్నది కూడా. ముందు యూజర్ హోమ్ ఫోల్డర్లో చూస్తుంది, తర్వాత యూఎస్ఆర్ లోకల్‌లో, ఆఖర్న డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్లో. కాబట్టి పిప్ తెచ్చిన వర్షనే ముందు దొరుకుతుంది, సిస్టమ్ ప్రోగ్రామ్‌లు కూడా దాన్నే అందుకుంటాయి.

2018 ఏప్రిల్‌లో ఈ సంగతి పెద్ద ఎత్తున బయటపడింది. పిప్ 10 విడుదలైంది. 'మీ పిప్ పాతది, అప్‌గ్రేడ్ చేసుకోండి' అని పిప్ తనే మెసేజ్ చూపిస్తుంది కదా, జనం చేసుకున్నారు. ఆ వెంటనే ఉబుంటులో పిప్ అని కొడితే 'మెయిన్ అనే పేరుని ఇంపోర్ట్ చేయలేకపోతున్నాం' అని ఎర్రర్. జరిగింది ఇది: యాప్ట్ పెట్టిన పిప్ కమాండ్ పాతదే, అది పిప్ లైబ్రరీలోంచి మెయిన్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. వెతికే వరసలో ముందున్న హోమ్ ఫోల్డర్లో మాత్రం కొత్త పిప్ కూర్చుని ఉంది, అందులో ఆ ఫంక్షన్ లోపలి మాడ్యూల్లోకి మారిపోయింది. చెప్పినట్టు చేసినవాళ్లకే పిప్ పోయింది. వాళ్ల తప్పేమీ లేదు.

అదే పిప్ 10లో ఇంకో మార్పు కూడా వచ్చింది. డిస్ట్‌యుటిల్స్‌తో పెట్టిన లైబ్రరీని తీసేయడానికి అది ఒప్పుకోవడం మానేసింది. ఆ లైబ్రరీకి చెందిన ఫైళ్లు ఏవో కచ్చితంగా తెలియదు కాబట్టి సగమే తీయగలను, అందుకని అసలు తీయను అంటుంది. యాప్ట్ పెట్టిన పైయామ్ల్ లాంటి లైబ్రరీలని అప్‌గ్రేడ్ చేయబోయి ఈ ఎర్రర్ చూసినవాళ్లు చాలామంది ఉంటారు. 2000 నాటి డిస్ట్‌యుటిల్స్ లెక్క రాసిపెట్టుకోకపోవడం 18 ఏళ్ల తర్వాత ఇలా ఎదురొచ్చింది.

ఇంత జరుగుతున్నా పిప్ వాడకం పెరుగుతూనే వచ్చింది. దానికీ బలమైన కారణాలున్నాయి. డెబియన్ స్టేబుల్ దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది, అందులోని లైబ్రరీల వర్షన్లు విడుదలకి ముందే ఖాయమైపోతాయి. సర్వర్ నడిపేవాళ్లకి ఆ నిలకడే కావాలి. ప్రోగ్రామర్లకి మాత్రం నిన్న వచ్చిన వర్షన్ కావాలి. పైగా 2016లో మేనీలినక్స్ అనే ప్రమాణం వచ్చాక, నమ్‌పై లాంటి పెద్ద లైబ్రరీలు ముందే కంపైల్ అయి పిప్ ద్వారా దొరకడం మొదలైంది. అంతకుముందు కంపైలర్ ఉండాలి, పైథాన్ డెవ్ ప్యాకేజీ ఉండాలి, ఫోర్ట్రాన్ కూడా ఉండాలి. ఆ టెన్షన్ పోయాక పిప్ వైపు వెళ్లకుండా ఎవరుంటారు? 2020 జనవరిలో వచ్చిన పిప్ 20.0, సిస్టమ్ ఫోల్డర్లో రాసే అనుమతి లేకపోతే అడగకుండానే హోమ్ ఫోల్డర్లో పెట్టేయడం మొదలుపెట్టింది. సౌకర్యం కోసమే చేశారు. వెతికే వరసలో అన్నిటికన్నా ముందుండే చోటు అదేనన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

మందు సంగతికి వస్తే, వర్చువల్‌ఎన్వ్ ఆలోచనని వెన్వ్ అనే పేరుతో 2012లో పైథాన్ 3.3లోనే చేర్చారు. 2014లో పైథాన్ 3.4 నుంచి అందులో పిప్ కూడా తనంతట తనే వచ్చేలా ఎన్‌ష్యూర్‌పిప్ కలిపారు. ఇక సిస్టమ్‌ని ముట్టుకోవలసిన అవసరమే ఉండకూడదు. అయితే డెబియన్ ఆ ఎన్‌ష్యూర్‌పిప్‌ని విడదీసి, పైథాన్3 వెన్వ్ అనే వేరే ప్యాకేజీతో ముడిపెట్టింది. ఒక ప్రోగ్రామ్ లోపల ఇంకో ప్రోగ్రామ్ కాపీ దాచి ఉంచడం డెబియన్ నియమాలకి పడదు. నియమం మంచిదే, దాని వెనక భద్రతకి సంబంధించిన ఆలోచన ఉంది. కానీ కొత్తగా నేర్చుకునే మనిషి పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే వెన్వ్ కమాండ్ కొడితే 'ఎన్‌ష్యూర్‌పిప్ అందుబాటులో లేదు' అని ఎర్రర్ వస్తుంది. సరైన దారి మొదటి అడుగులోనే మూసి ఉంటే, సుడో పిప్ అనే పక్కదారి పని చేస్తుంటే, జనం ఎటు వెళ్తారు? డెబియన్ మీద నాకు చాలా గౌరవం ఉంది, అయినా ఇది వాళ్లు సరిచేయవలసిన విషయమని గట్టిగా అనుకుంటాను. వెన్వ్ పైథాన్‌తో పాటే రావాలి.

రెడ్‌హ్యాట్ వేరే దారి పట్టింది. 2019లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో, సిస్టమ్ పనిముట్ల కోసం ప్లాట్‌ఫామ్ పైథాన్ అని ఒకదాన్ని మామూలుగా ఎవరూ తొంగిచూడని ఫోల్డర్లో విడిగా పెట్టింది. యూజర్లు వాడే పైథాన్ ఏదైనా, ఎన్ని వర్షన్లు మారినా, యమ్ స్థానంలో వచ్చిన డీఎన్ఎఫ్‌కి ఇబ్బంది లేదు. సాంకేతికంగా అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి ఇదేననిపిస్తుంది.

పైథాన్ వాళ్లూ డిస్ట్రిబ్యూషన్ల వాళ్లూ కలిసి కూర్చుని రాసినది పెప్ 668 (పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదనల్ని పెప్ అంటారు). 2021లో ప్రతిపాదన మొదలై, 2022లో ఆమోదం పొందింది. అందులోని ఆలోచన చాలా సింపుల్. పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ ఫోల్డర్లో డిస్ట్రిబ్యూషన్ ఒక చిన్న ఫైలు పెడుతుంది. దాని పేరే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్. ఆ ఫైలు కనిపిస్తే, వెన్వ్ బయట ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పిప్ ఆగిపోవాలి. అప్పుడు చూపించే మెసేజ్ కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది, దాన్ని డిస్ట్రిబ్యూషనే రాస్తుంది. డెబియన్ మెసేజ్‌లో యాప్ట్‌లో వెతకమనీ, లేకపోతే వెన్వ్ చేసుకోమనీ, ప్రోగ్రామ్‌గా వాడేదైతే, ప్రతిదాన్నీ దాని సొంత వెన్వ్‌లో పెట్టే పిప్ఎక్స్‌తో పెట్టుకోమనీ ఉంటుంది. ఎర్రర్ మెసేజ్‌లో దారి కూడా చెప్పడం చాలా అరుదు, అందుకే దాన్ని పూర్తిగా చదవమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

2023 జనవరిలో పిప్ 23.0 ఈ నియమాన్ని పాటించడం మొదలుపెట్టింది. కొద్ది వారాలకే 23.0.1లో, తప్పనిసరి అయినవాళ్ల కోసం బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్ వచ్చింది. కొట్టేవాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలనే ఆ పేరు అంత భయపెట్టేలా ఉంది. 2023 ఏప్రిల్‌లో ఉబుంటు 23.04, జూన్‌లో డెబియన్ 12 ఈ ఫైలుతో వచ్చాయి. ఆర్చ్ లినక్స్ కూడా అదే ఏడాది చేరింది. అక్టోబర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ డెబియన్ 12 మీదకి మారినప్పుడు అసలు గందరగోళం మొదలైంది. సెన్సర్లు, ఎల్ఈడీలు కలపడం నేర్పే లెక్కలేనన్ని పాఠాల్లో సుడో పిప్3 ఇన్‌స్టాల్ అని రాసి ఉంది. అవన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో ఉబుంటు 24.04 వచ్చాక, దీర్ఘకాల సపోర్ట్ వర్షన్లు మాత్రమే వాడేవాళ్ల దాకా కూడా ఈ ఎర్రర్ చేరింది.

కంటైనర్ల దగ్గర, అంటే ఒక ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో సహా మిగతా సిస్టమ్ నుంచి విడిగా నడిపే డాకర్ లాంటి వాటి దగ్గర, కొంచెం తేడా ఉంది. డాకర్‌లో అధికారిక పైథాన్ ఇమేజ్ డెబియన్ మీద ఆధారపడినా, పైథాన్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి యూఎస్ఆర్ లోకల్‌లో పెడుతుంది, కాబట్టి అందులో ఈ అడ్డు రాదు. మామూలు డెబియన్ ఇమేజ్ తీసుకుని యాప్ట్‌తో పైథాన్ పెట్టుకుంటే వస్తుంది. ఒక్క ప్రోగ్రామ్ కోసమే పుట్టి పోయే కంటైనర్‌లో ఆ ఆప్షన్ వాడినా పెద్ద నష్టం లేదు. రోజూ వాడే ల్యాప్‌టాప్‌లో మాత్రం వాడొద్దు.

వెన్వ్ అలవాటైనవాళ్లకీ ఒక చిక్కు మిగిలే ఉంది. వెన్వ్ లోపల ఉండే పైథాన్ మామూలుగా సిస్టమ్ పైథాన్‌కి లింక్ మాత్రమే. డెబియన్ 12లో ఉన్నది పైథాన్ 3.11, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఉన్నది 3.13. సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన రోజున పాత వెన్వ్‌లోని లైబ్రరీలు కొత్త పైథాన్‌కి కనిపించవు. దాన్ని రిపేర్ చేయబోవడం టైమ్ వేస్ట్. ఫోల్డర్ తీసేసి, రిక్వైర్‌మెంట్స్ ఫైలు (ప్రాజెక్ట్‌కి కావలసిన లైబ్రరీల జాబితా) నుంచి కొత్తది చేసుకోవాలి. ఆ ఫైలు లేనివాళ్లు ఏ లైబ్రరీలు ఏ వర్షన్‌లో ఉండేవో గుర్తు తెచ్చుకుంటూ కూర్చోవాలి. ఇప్పుడు పని జరుగుతున్నది ఈ ఫైలు మీదే. వర్షన్లన్నిటినీ కచ్చితంగా రాసిపెట్టే లాక్ ఫైలుకి ఒకే ప్రమాణం ఉండాలని చెప్పే పెప్ 751ని 2025 మార్చిలో ఆమోదించారు. ఆ మరుసటి నెలలో వచ్చిన పిప్ 25.1లో అలాంటి ఫైలు తయారుచేసే కమాండ్ ప్రయోగ దశలో చేరింది.